మానకూడని గాయం

కిందటిసారి నీటికాసుల గురించి, అదే గ్లాకోమా గురించి మాట్లాడితే, "ఆపరేషన్ తర్వాత సంగతి చెప్పలేదేమండీ?" అని ఒక పెద్దాయన అడిగారు. ఈ వారం నా ఎడమ కంటి కథే చెబుతాను.

మా నాన్నగారికి ఉండేది, నాకూ వచ్చింది. చుక్కల మందుతో ప్రెషర్ దిగకపోతే ఇక్కడ ఆక్లండ్‌లో ట్రాబెక్యులెక్టమీ చేశారు. పేరుకి నోరు తిరగదు గానీ పని తేలిగ్గానే అర్థమవుతుంది. కంట్లో నిమిషానికి రెండు మూడు మైక్రోలీటర్ల నీరు ఊరుతూ, బయటికి పోతూ ఉంటుంది. పోయే దారి సరిగా లేకపోతే ఒత్తిడి పెరిగి వెనకున్న నరం దెబ్బతింటుంది. అందుకని పై రెప్ప కింద తెల్లగుడ్డులో చిన్న తలుపులాంటిది కోసి, నీరు పైపొర కిందికి చేరేలా దారి చేస్తారు. అక్కడ పొక్కులా ఉబ్బుతుంది, దాన్ని బ్లెబ్ అంటారు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది నిలుపుకోవడానికే ఈ తంటా అంతా.

తమాషా ఏమిటంటే, ఏ గాయమైనా పూర్తిగా మానాలనే కోరుకుంటాం కదా! ఇది మాత్రం పూర్తిగా మానకూడదు. పాపం శరీరానికి ఆ సంగతి తెలీదు, మచ్చ కట్టి మూసేయాలని చూస్తుంది. ఆపరేషన్‌లో మైటోమైసిన్ రాసేదీ, తర్వాత వారాల తరబడి స్టీరాయిడ్ చుక్కలు వేయించేదీ దాన్ని ఆపడానికే.

నాలుగో వారానికి నాకు ఎర్రదనం తగ్గింది, నొప్పి లేదు. నయమైపోయిందనుకుని చుక్కలు మానేశాను. పైగా కాకినాడలో మేనకోడలి పెళ్ళికి టికెట్లు కొన్నాం. చెకప్‌కి వెళ్తే 9 ఉన్న ప్రెషర్ 19 అయింది. మామూలు లెక్కలో 19 తప్పేం కాదు, అరిగిపోయిన నా నరానికి ఎక్కువ.

డాక్టరమ్మ ఓ.సి.టి. స్కాన్ తీయించారు. గడ్డం ఆనించి కిందికి చూడమన్నారు, రెప్ప పైకెత్తి పట్టుకున్నారు, అంతే. కంటికి ఏదీ తగలదు, కంటికి కనబడని వెలుతురుతోనే బొమ్మ వస్తుంది. అల్ట్రాసౌండ్‌తోనూ చూడొచ్చు గానీ, దానికి కంటిమీద నీళ్ళ గిన్నెలాంటిది పెట్టాలి. పచ్చి పుండు మీద అదెవరికి కావాలి?

బొమ్మలో నీరు నల్లగా, మచ్చ తెల్లగా కనిపిస్తాయి. మొదటి వారం బొమ్మలో పైగోడ స్పాంజిలా నల్లటి ఖాళీలతో ఉంది. ఇప్పుడు తెల్లగా బిగిసిపోయింది. కింది తలుపు మాత్రం తెరిచే ఉంది. "తలుపు తెరిచే ఉంది, వాకిట్లో మట్టి పేరుకుంది" అని నాకు అర్థమైంది. బొమ్మ ఒక్కటే చూసి నిర్ణయించరు, ప్రెషర్, కన్ను ఎర్రబడిన తీరూ కలిపి చూస్తారు. సన్నటి సూదితో ఆ మచ్చ విడదీసి, మళ్ళీ కట్టకుండా 5-ఫ్లోరోయురాసిల్ ఇంజెక్షన్ ఇచ్చారు. ప్రయాణం వద్దన్నారు.

ఈ మచ్చతో పోరాటంలో మన న్యూజీలాండ్‌కి పెద్ద వాటా ఉంది. దక్షిణాఫ్రికా నుంచి 1977లో డనేడిన్ వచ్చిన డాక్టర్ ఆంథొనీ మోల్టెనో, కంట్లోంచి నీటిని బయటి పళ్ళెంలాంటి బిళ్ళకి పంపే గొట్టం తయారుచేశారు. బిళ్ళ చుట్టూ పెరిగే పొర ఎంత నీరు పోనిస్తుందన్న దాని మీదే ఫలితం ఆధారపడుతుంది. ఒటాగోలో ఆయన బృందం రోగులు మరణించాక ఆ పొరని మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. నేనైతే బతికుండగానే, కుర్చీలో కూర్చుని నా మచ్చని నేనే చూసుకున్నాను!

ఊళ్ళో మీ అమ్మానాన్నలకి ఈ ఆపరేషన్ అయితే ఫోన్‌లో "తగ్గిందా?" అని ఊరుకోకండి. చుక్కలు వేసుకుంటున్నారా, చెకప్‌కి ఎప్పుడు వెళ్ళాలి అని అడగండి. మీ కళ్ళూ ఒకసారి చూపించుకోండి, ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు.

పెళ్ళికి మా ఆవిడ ఒక్కతే వెళ్ళింది. నేను వీడియోలో అక్షింతలు వేశాను. ఆమె తిరిగొచ్చేసరికి ప్రెషర్ 12కి దిగింది, బొమ్మలో నలుపు మళ్ళీ కనబడింది. ఇప్పుడు చుక్కలు ఆవిడే లెక్కపెట్టి వేస్తోంది, నా మాట నమ్మడం మానేసింది.