సంఘసేవావిద్యార్థియు పల్లెటూరును

వైద్యము నేర్చుకొను విద్యార్థికి ఆసుపత్రి కలదు. న్యాయశాస్త్రము చదువువానికి న్యాయస్థానము కలదు. సంఘసేవ నేర్వదలచిన పందొమ్మిదేండ్ల యువకుని, యువతిని ఎక్కడకు పంపవలెను? "ఊరిలోనికి" అని మేము ఉపాధ్యాయులము సమాధానము చెప్పుకొందుము. సమాధానము సులభముగనే యున్నది. కాని మా పిల్లలకు పాఠశాలగా నుండుట మీకు సమ్మతమేనా యని ఆ ఊరివారిని ఎవరును అడిగిన జాడ లేదు. నేడు నేను ముచ్చటింపదలచినది ఆ అడుగకుండ మిగిలిపోయిన ప్రశ్ననుగూర్చియే.

నేను డిగ్రీ విద్యార్థులకు సంఘసేవను బోధించు ఉపాధ్యాయుడను. ఏటేట ఎండకాలమున, గుడివాడనుండి కైకలూరు పోవు దారిలోనున్న ముదినేపల్లి చుట్టుపట్ల గ్రామములకు విద్యార్థులను తీసికొని పోవుచుందును. ఈ ప్రాంతము నెఱుగని శ్రోతలకు ఒకటి రెండు మాటలు చెప్పవలెను. ఇది కృష్ణా డెల్టా దిగువభాగము. చిరకాలము కృష్ణాజిల్లాలో నుండి 2022వ సంవత్సరమున ఏలూరుజిల్లాలో చేర్చబడినది. కొల్లేరు ఇచ్చటికి దగ్గర. ఒకప్పుడు కనుచూపుమేర వరిచేలు. ఇప్పుడు చేల నడుమను, కొన్నియెడల చేలకు మారుగను, చేపలచెరువులు. చూచువారికి అంతయు నీరే. అయినను కాలువలు కట్టివేసిన పిమ్మట త్రాగుటకు మాత్రము ఊరి మంచినీళ్ళచెరువే దిక్కు. కాదేని డబ్బిచ్చి కొనుక్కొను నీళ్ళడబ్బా. మా విద్యార్థులు సెలవులలో ఊరిలో నడుగిడునది సరిగా ఆ దినములలోనే.

పూర్వము ఇది సంఘసేవ చదువు కొద్దిమందికి మాత్రము సంబంధించిన విషయము. ఇప్పుడట్లు కాదు. 2020-21 విద్యాసంవత్సరమున ఆంధ్రప్రదేశమున డిగ్రీ పాఠ్యప్రణాళికను మార్చినప్పుడు, ఏ శాస్త్రము చదువు విద్యార్థియైనను మొదటి సంవత్సరము ముగిసినపిమ్మట 180 గంటలు ఒక సమాజములో పనిచేసి, నివేదిక వ్రాయవలెనను నియమము ఏర్పడినది. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని దాని పేరు. ఉద్దేశము మెచ్చదగినదే. కాని లెక్క చూడుడు. ఒక తరగతిలో ముప్పదిమంది యున్నచో 5,400 గంటలు. ఈ గంటలన్నియు విద్యార్థివే యని మా దస్తావేజులు చెప్పును. ప్రశ్న వేయువారికి ఎంత కాలము పట్టునో జవాబు చెప్పువారికిని అంత కాలమే పట్టును గదా! ఆ కాలము ఏ దస్తావేజులోను లేదు. కూలికి పోవలసిన మనిషి అరుగుపై కూర్చుండి మా విద్యార్థికి చదువు చెప్పుచున్నది. జీతము లేదు, మార్కులు వేయు నధికారమును లేదు.

ఈ చదువు పుట్టిన విధము వేరు. 1884లో లండను నగరపు తూర్పుపేటలో టాయిన్‌బీ హాలు నెలకొన్నప్పుడు, విశ్వవిద్యాలయమునుండి వచ్చిన యువకులు ఆ పేదల నడుమనే కాపురముండిరి. మన దేశమున ఈ శాస్త్రమునకు తొలి విద్యాలయము 1936లో బొంబాయిలో టాటావారి ధర్మనిధితో ఏర్పడినది. దాని స్థాపనకు కారకుడైన క్లిఫర్డ్ మాన్షార్ట్ అంతకుముందు ఆ నగరములోని నాగపాడాపేటలో పొరుగువారికొఱకు ఒక సేవాగృహమును నడపినవాడు. అనగా ముందు పేట, తరువాత బడి. మన జిల్లాలోనే చూడుడు: గోరాగారు మచిలీపట్టణపు కళాశాలలో వృక్షశాస్త్రము బోధించినవారు, 1940లో ముదునూరు చేరి అక్కడ నాస్తికకేంద్రమును స్థాపించి, వయోజనులకు చదువు చెప్పుచు, కులభేదము లేని సహపంక్తిభోజనములు నడపిరి. 1947లో ఆ కేంద్రము విజయవాడకు మారినది. ఆయన సిద్ధాంతము మనకు నచ్చవచ్చును, నచ్చకపోవచ్చును, అది వేఱుమాట. ఊరిని మార్చదలచినవాడు ఆ ఊరిలో కాపురము పెట్టెను. మా విద్యార్థులు కాపురము పెట్టలేరు. సాయంకాలపు బస్సు అందుకొనవలెను. కావున కాపురముండి నేర్వవలసినదానిలో కొంతయైనను బస్సు ఎక్కకముందే నేర్పుట మా విధి.

తరగతిలో మేము బీస్టెక్ పండితుడు 1957లో ప్రకటించిన ఏడు సూత్రములను చెప్పుదుము. విద్యార్థులు వానిని వల్లెవేసి పరీక్షలో చక్కగా వ్రాయుదురు. అంతట మొదటి యింటి గుమ్మముకడ నిలిచి, "నమస్కారమండీ, సర్వేకి వచ్చాం" అందురు. ఆ ఒక్కమాటతో ఏడు సూత్రములును గట్టెక్కిపోవును. ఏలయన, 2019 అక్టోబరులో గ్రామసచివాలయములు ఏర్పడినది మొదలు, చేతిలో కాగితము పట్టుకొని వచ్చిన ప్రతి మనిషియు ఊరివారికి ప్రభుత్వమే. ఒక ముసలమ్మ మా అమ్మాయి చేతిలోని పుస్తకమునే చూచుచు, "పింఛను తీసేయటానికొచ్చారా అమ్మా?" అని అడిగెను. అట్టి భయముతో చెప్పిన జవాబులలో నిజమెంత యుండును? ఇంటిలో నున్న కొడుకును వేరు కాపురమున్నాడనును. ఉన్న గేదెను లేదనును. ఆమె అబద్ధమాడినదని విద్యార్థి నవ్వుకొనిన యెడల వానికి ఈ చదువు అబ్బలేదన్నమాట. నెలనెలా వచ్చు రొక్కమును కాపాడుకొనుచున్న మనిషి యామె.

అందుచే మా తరగతిలో మొదటి వారము నేర్పునది ఒక్కటే: గుమ్మముకడ చెప్పవలసిన నాలుగు మాటలు. నేను ఎవరిని, ఏ ఊరివాడను, ఎందుకు వచ్చితిని, దీనివలన మీకు పింఛను రాదు, పోదు. నాలుగవమాట చెప్పుటకు విద్యార్థులు వెనుదీయుదురు. ఆ మాట చెప్పినచో ఇంక ఎవరు మాటలాడుదురని వారి సందేహము. నిజమే, కొందరు మాటలాడరు. మాటలాడకుండుటకు వారికి హక్కు గలదని తెలిసికొనుటయు చదువులో భాగమే. పైగా మా విద్యార్థులు చాలవరకు ఈ చుట్టుపట్లవారే. "నువ్వు ఫలానావారి మనవరాలివి కదూ?" అని ఎవరో ఒకరు గుర్తుపట్టక మానరు. దానితో పేటయు కులమును తెలిసిపోవును. బొంబాయిలో వ్రాసిన పుస్తకములలో ఈ చిక్కునకు పరిష్కారము దొరకదు.

వేళ యొకటి. పదిగంటలకు బస్సు దిగి ఇంటింటికి పోయినచో ముసలివారును, పసిపిల్లలును తప్ప కానరారు. చేపల పట్టుబడికి పోవువారు తెల్లవారకముందే లేచి పోవుదురు. చెరువుగట్లమీద గుడిసెలలో కాపలాయున్న కుటుంబములు కొన్ని దూరప్రాంతములనుండి వచ్చినవి. ఊరి యిండ్ల జాబితా పట్టుకొని తిరుగువారికి అవి అసలే తగులవు. ఊరిలో మిక్కిలి కష్టపడువారు మా నివేదికలలో మిక్కిలి తక్కువగ కనబడుటకు కారణము ఇంతకన్న వేరు లేదు. మేము ఇప్పుడు ఉదయము మొదటి బస్సుకు బయలుదేరుచున్నాము. కొందఱు తల్లిదండ్రులు దీనికి నొచ్చుకొనిరి గాని, వారి పిల్లలు నొచ్చుకొనలేదు.

ప్రశ్నావళినిగూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. ఒక పర్యాయము ఒక విద్యార్థిని ఒక రైతును, "బాబాయిగారూ, మీకు పొలం ఎంతుందండీ?" అని అడిగినది. "లేదమ్మా" అనెను. ఆమె 'భూమి లేదు. వృత్తి కూలి' అని వ్రాసికొనినది. నిజమునకు ఆయన అయిదెకరములు కౌలుకు చేయుచున్నాడు. మక్తా బస్తాలు కొలువవలెను, ఎరువులకు అప్పు తేవలెను, వాన వచ్చి పనలు తడిసినచో నష్టము భరింపవలెను. ఆ యూరి వ్యవసాయములో నష్టభయమంతయు మోయుచున్న మనిషి మా కాగితములో వ్యవసాయదారుడే కాకపోయెను! కౌలురైతులకు పంట సాగుదారు హక్కుపత్రము నిచ్చుటకై 2019లో చట్టము వచ్చినది. ఆ పత్రము పొందుటకు భూమి యజమాని సంతకముతో పదునొకండు మాసముల ఒప్పందము కావలెను. సంతకము చేసినచో భూమి చేజారునేమోయని జంకు యజమానులు పెక్కుమంది. కనుక కౌలుదారుడు ప్రభుత్వపుకాగితములోను లేడు, మా కాగితములోను లేడు. ఆ అమ్మాయిని నేను మఱునాడు కాగితము లేకుండ అదే యింటికి పంపితిని. "ఈ యేడు ఏం పండించారు బాబాయిగారూ?" అని మాత్రము అడుగుమంటిని. ఆయన గంటసేపు చెప్పెను. సంతకమునకై యజమానియింటికి ఎన్నిమారులు తిరిగినదియు చెప్పెను. ఆమె తిరిగి వచ్చి, ప్రశ్నావళిలో ఆ ప్రశ్నను కొట్టివేసి క్రొత్తది వ్రాసినది. విద్యార్థి తన ప్రశ్నను తానే దిద్దుకొనిన ఆ దినమున ఆమెకు శిక్షణ ప్రారంభమైనదని నా యభిప్రాయము.

చిన్నవిషయమైనను మంచినీళ్ళ సంగతి చెప్పక తప్పదు. పేటలో ఎవరైన లోటాతో నీళ్ళిచ్చినప్పుడు త్రాగవలెనా? త్రాగకున్న ఇచ్చినవారు కులముమాటగనే తలతురు. తలచుటకు వారికి తరతరముల కారణము కలదు. త్రాగుదమన్న, అవి కొనితెచ్చిన నీళ్ళు. మా విద్యార్థులు తమలో తాము వాదించుకొని సగము లోటా త్రాగుటకు నిశ్చయించుకొనిరి. నేను కలుగజేసికొనలేదు.

ఇక వాగ్దానము. పందొమ్మిదేండ్ల మనసు జాలిగలది. కష్టము వినగానే "నేను చేయిస్తానండీ" అని నోటినుండి వచ్చివేయును. ఆ మాటను నేను తరగతిలో నిషేధించితిని. దానికి మారుగ "రేపు మీతో వస్తాను" అనవలెను, అని, పోవలెను. వరినాట్లతోను కలుపులతోను వేళ్ళగీతలు అరిగిపోయిన ఒక ముసలమ్మకు చౌకదుకాణపు యంత్రము వేలిముద్ర పట్టుటలేదు. ఒక విద్యార్థి ఆమె వెంట దుకాణమునకును, సచివాలయమునకును మూడు పర్యాయములు పోయినాడు. మొదటిదినము కరెంటు లేదు. రెండవదినము సంబంధించిన యుద్యోగి లేడు. మూడవదినము కంటిపాపను చూచు యంత్రముతో పని జరిగినది. వాని నివేదిక రెండుపుటలు మించలేదు. అందు పటములు లేవు, శాతములు లేవు. ఆ యేడు అందరికన్న ఎక్కువ మార్కులు వానికే వేసితిని. తోటి ఉపాధ్యాయులు కొందరు దీనికి అభ్యంతరము చెప్పిరి. నలువదిపుటల నివేదికకన్న రెండుపుటలు మేలెట్లగునని వారి ప్రశ్న. ఆ మూడు దినములలో కార్యాలయములో బల్లకు అవతలివైపు కూర్చున్న మనిషితో కోపపడక మాటలాడుట, పనికాని దినమున ముసలమ్మతోపాటు తిరిగి నడచుట, రెండును వాడు నేర్చినాడు. ఇది పుటలలో కొలువరాని విద్య.

రహస్యములనుగూర్చియు ఒకమాట. పట్టణములో పేరు మార్చి వ్రాసినచో చాలును. పల్లెలో 'త్రాగుబోతు భర్త, ఇద్దరు ఆడపిల్లలు, రేకులయిల్లు' అని వ్రాసిన యెడల ఊరందరికిని తెలియును. తరగతిలో ఆ నివేదిక చదువుచున్నప్పుడు వెనుకబల్లపై అదే ఊరి పిల్లవాడుండును. కాబట్టి ఇండ్ల కష్టములు నాతో మాత్రమే మాటలాడవలెను. తరగతిలో ఊరిసంగతులు మాత్రమే చదువవలెను. వినుటకు చిన్న కట్టుబాటే, కాని దీనివలన మా తరగతిలో కన్నీళ్ళ కథలు తగ్గి, నీళ్ళు, కూలి, రోడ్డు, అప్పు పెరిగినవి.

దివిసీమలో 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన వచ్చి పదివేలకు మించిన ప్రాణములు బలిగొనినపిమ్మట, దేశము నలుమూలలనుండి సేవకులు వచ్చిరి. వారిలో ఏండ్లతరబడి నిలిచి ఇండ్లు కట్టించినవారు కలరు. వారికి ఆ సీమవారు నేటికిని చేతులెత్తి మ్రొక్కుదురు. అవనిగడ్డ దగ్గర ఒక పెద్దాయన నాతో ననిన మాట మాత్రము వేరు: "వచ్చిన ప్రతివాళ్ళూ మొదట్నించీ చెప్పమనేవారండీ. మా యింట్లో ఎంతమంది పోయారో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు." తెచ్చినవారు బియ్యమో బట్టలో తెచ్చిరి, నిజమే, కాని ఒకరు వినినది మఱియొకరికి చేరలేదు. ప్రతి క్రొత్తవానికి తన చచ్చినవారిని మరల లెక్కపెట్టి చూపవలసిన దుఃఖము ఆయనకు మిగిలినది.

మాయందును ఇట్టిదే చిన్నయెత్తున ప్రతియేట జరుగుచుండెడిది. ఒక తరగతి పోవును, వేఱొక తరగతి వచ్చును, అవే ప్రశ్నలు. నివేదికలు బీరువాలో చేరును. ముదినేపల్లి దాపున నొక గ్రామములో, సెలవు పుచ్చుకొనుటకు పోయిన మా విద్యార్థులను ఒక గృహిణి నిలువబెట్టి, "పై యేడు వచ్చే పిల్లలక్కూడా ఇవన్నీ మళ్ళీ చెప్పాలా?" అని అడిగెను. ఎవరును వెంటనే జవాబు చెప్పలేకపోయిరి.

తిరుగుబస్సులో వారే ఒక యేర్పాటు చేసిరి. ప్రతి గ్రామమునకు ఒక గట్టి అట్ట పుస్తకము. అందు ఇండ్లపేర్లు వ్రాయరాదు. ఊరి సంగతులు మాత్రమే, తేదీలతో. ఎవరు ఏమి చేయుదుమని ఊరివారియెదుట అనిరో అదియు వ్రాయవలెను. ఊరు విడుచుదినమున దానిని పదిమంది కూడినచోట బిగ్గరగ చదివి, తప్పులు దిద్దించుకొని, ఒక ప్రతి సచివాలయములో నిచ్చి రావలెను. మొదటిసారి చదివినప్పుడే పెద్దలు ఏడెనిమిది తప్పులు పట్టిరి. మంచినీళ్ళచెరువు విస్తీర్ణము మొదలుకొని!

ఆ పుస్తకము ఇప్పుడు రెండవ జట్టు చేతికి వచ్చినది. దానిని చదివి వారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, పశువులు దిగకుండ చెరువుచుట్టు కంచె వేయించెదమని పోయినయేడు సభలో చెప్పిన మాట యేమైనదని. నాకు తెలియదంటిని. దానిని కనుగొనుటకు వారు సోమవారము మొదటి బస్సుకు ముదినేపల్లి పోవుచున్నారు.