జన్యువు మీద నెపం వద్దు

ఇవాళ్టి నుంచి పేరు ముందు డాక్టర్ అని రాసుకోబోయే మీ అందరికీ అభినందనలు. జన్యువు మీద నెపం వేసిన ఒక పెద్దమనిషి కథతో మొదలుపెడతాను.

రొనాల్డ్ ఫిషర్ ఆధునిక గణాంకశాస్త్రానికి పునాదులు వేసినవారు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన గణాంకవేత్త సి.ఆర్. రావు గారికి కేంబ్రిడ్జిలో గురువు. పొగాకు పొగకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధముందని పరిశోధకులు డాల్, హిల్ 1950లో చూపితే, 1958లో ఫిషర్ అడ్డం తిరిగారు. పొగ అలవాటుకూ క్యాన్సర్‌కూ మూలం జన్యువులే ఎందుకు కాకూడదన్నారు. కవలల అలవాట్లను సాక్ష్యంగా తెచ్చారు. ఆయన పైపు తాగేవారు, పొగాకు కంపెనీల సంఘానికి సలహాదారు కూడా.

జన్యువుల గురించి ఆయన అన్న మాటలో సగం నిజం. నికోటిన్‌ను కాలేయంలో ప్రధానంగా విరిచేది సీవైపీ2ఏ6 అనే ఎంజైమ్. అది చురుగ్గా ఉన్నవారి ఒంట్లో నికోటిన్ త్వరగా తగ్గిపోయి, చెయ్యి మరో సిగరెట్ వెతుక్కుంటుంది. మందకొడిగా ఉన్నవారు సగటున తక్కువ తాగుతారు, మానడమూ వారికి కొంత తేలిక. 2008లో 15వ క్రోమోజోమ్‌పై నికోటిన్ గ్రాహకాల జన్యువుల్లో ఒక మార్పు దొరికింది. అది ఉన్న పొగరాయుళ్లు ఎక్కువ కాలుస్తారు, వారికి క్యాన్సర్ ముప్పూ ఎక్కువే. అయితే అదే మార్పు ఉండి ఎన్నడూ పొగ తాగనివారిలో ఆ ముప్పు పెరిగినట్టు తర్వాతి పెద్ద అధ్యయనాల్లో కనబడలేదు. ఫిషర్ వదిలేసిన మిగతా సగం అదే: అలవాటును బిగించడంలో జన్యువుకు పాత్ర ఉంది, క్యాన్సర్ తెచ్చేది పొగ.

రేపు మీ ఓపీకి బీడీ మానలేక ఒకాయన వస్తాడు. మనసుంటే మానలేవా అని గద్దించకండి. నిద్ర లేచాక ఎంతసేపటికి మొదటి బీడీ వెలిగిస్తావని అడగండి. అరగంట లోపే అంటే వ్యసనం గట్టిదే. ఇక మందుల సంగతి: 2015లో వెలువడిన ఒక ప్రయోగంలో, నికోటిన్ మామూలు వేగంతో విరిగేవారికి నికోటిన్ పట్టీ కన్నా వారెనిక్లిన్ మాత్ర బాగా పనిచేసింది. నెమ్మదిగా విరిగేవారికి రెండూ దాదాపు సమానమే, మాత్రతో ఇబ్బందులు మాత్రం ఎక్కువ. కాబట్టి ఒక మందు పనిచేయలేదంటే రోగి ఓడిపోయాడని రాయకండి, ఇంకో మందు ఆలోచించండి.

నా జీన్సే అంత డాక్టరు గారూ అనేవాళ్లూ వస్తారు. వాళ్లకు ఉత్తరాంధ్ర అడ్డపొగ గురించి చెప్పండి. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అంగిలి పాడుచేసుకునే ఆ అలవాటును ఆడవాళ్లు పెద్దవాళ్లను చూసి నేర్చుకున్నారు. చూసి నేర్చుకున్నది మానుకోవచ్చు. ఆ మాట ఓపిగ్గా, ఎన్నిసార్లయినా చెప్పగల డాక్టర్లు కండి.