కాఫీ కప్పు - కచేరీ పని
(కామారెడ్డి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2016కు ముందు, మనం నిజామాబాద్ జిల్లాలో ఉన్న రోజుల్లో, కామారెడ్డి, ఎల్లారెడ్డి ఆఫీసులను నడిపింది చాయ్. కాఫీ నాకు అలవాటయింది కోస్తా నుంచి బదిలీపై వచ్చిన ఒక హెడ్ క్లర్కుగారి ఫ్లాస్కు వల్ల.

మార్చి నెలాఖరు బిల్లుల సంగతి మీకు తెలియనిది కాదు. ఒక ఏడాది సాయంత్రం 6 నుంచి 4 కప్పులు తాగి అర్ధరాత్రి దాకా రాశాను. చేయి ఆగలేదు. ఆ ఊపులోనే చనిపోయిన ఒక అటెండరు భార్య ఫ్యామిలీ పెన్షన్ బిల్లులో అంకెలు తారుమారు చేశాను. బిల్లు తిరిగొచ్చింది. ఆమె ఎల్లారెడ్డి నుంచి రెండుసార్లు బస్సెక్కి రావలసివచ్చింది. తప్పు నాదని ఆమెతో చెప్పలేదు. ఇవాళ మీ ముందు చెబుతున్నాను.

కెఫీన్ మెదడులో అలసటను తెలిపే అడినోసిన్‌కు అడ్డుపడుతుందే గాని, అలసటను తీర్చదు. తాగినదానిలో సగం సుమారు 5 గంటల తరువాత కూడా ఒంట్లోనే ఉంటుంది. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాముల వరకు ఇబ్బంది లేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. పడుకునే ముందు 100 మిల్లీగ్రాములైనా కొందరికి నిద్ర చెడవచ్చని కూడా చెప్పింది. పొద్దుటి కప్పు చురుకునిస్తుంది, కాదనను. నిద్రకు బదులు తాగితేనే చిక్కు.

సభ అయ్యాక కాఫీ ఇస్తారట. 4 గంటలు దాటింది గనుక నా కప్పు కోశాధికారిగారికి.