గాలికీ కాలికీ నడుమ ఒక సర్క్యూట్ బోర్డు
(సాత్తూరులో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



న్యాయవాదికి సర్క్యూట్ బోర్డుతో పనేమిటని మీకు అనిపించవచ్చు. మన పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నారు. రాయవలసి వస్తే మాత్రం తమిళ లిపిలో రాస్తున్నారు. ఆ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. 'కాలి' అన్నా 'గాలి' అన్నా కాగితం మీద ఒకే రూపం. అది తమిళానికి లోటు కాదు. ఆ భాష తీరుకు ఆ లిపి సరిపోతుంది. మన పలుకుకు అది చాలదు.

రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని 1956 నుంచీ చెబుతూనే ఉంది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక తరగతి చొప్పున సాగి, 2015-16 నాటికి పదో తరగతిని చేరింది. మినహాయింపు కోసం భాషా అల్పసంఖ్యాక వర్గాలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. 2023 ఫిబ్రవరిలో ఒక ఏడాది పొడిగింపు దక్కింది. ఆ వ్యాజ్యాలు నడపవలసిందే. అయితే అవి తేలేలోగా ఒకటో తరగతి పిల్ల పదో తరగతి దాటిపోతుంది. అందుకే ఎలక్ట్రానిక్సు సరదా ఉన్న మన యువకుల ముందు ఒక పని పెడుతున్నాను: మీట నొక్కితే అక్షరం పలికే పలక. మీరు సొంతంగా గీసే మొదటి బోర్డు ఇదే కావాలని నా కోరిక.

యాభైఆరు అక్షరాలకూ ఒకేసారి పూనుకోవద్దు. క నుంచి మ వరకు ఉన్న ఇరవైఐదు వర్గాక్షరాలు చాలు. మన పూర్వులు వాటిని ఐదు అడ్డువరుసలు, ఐదు నిలువు వరుసలుగా పేర్చి ఉంచారు. మీటలకు తీగలు కలిపే పద్ధతీ అచ్చం అదే. మీటకొక తీగ చొప్పున ఇరవైఐదు అక్కరలేదు. అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు, మొత్తం పది తీగలు చాలు. మైక్రోకంట్రోలరు ఒక్కో అడ్డువరుసకు వంతులవారీగా సంకేతం పంపి, ఏ నిలువు వరుసలో అది తిరిగి వచ్చిందో చూస్తుంది. ఏటీమెగా328 అనే చిన్న ఐసీకి ఆ పది కాళ్ళూ, మెమరీ కార్డులోని ధ్వనిని వినిపించే ప్లేయరుకు మరో రెండూ ఇస్తే, ఇంకా కొన్ని మిగులుతాయి. ఫోను ఛార్జరు ఇచ్చే ఐదు వోల్టులతోనే ఇదంతా నడుస్తుంది.

గీయడానికి కీక్యాడ్ ఉంది. ఫ్రాన్సుకు చెందిన జాఁ పియెర్ షారా 1992లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేరు ఉచితం, లైసెన్సు బెడద లేదు. ముందు స్కీమాటిక్ గీయాలి. తర్వాత ఒక్కో భాగానికి దాని కాళ్ళ కొలతకు సరిపడే ఫుట్‌ప్రింట్ ఎంచాలి. తొలి బోర్డులు చాలావరకు చెడేది ఇక్కడే. చిన్న మీటకు నాలుగు కాళ్ళుంటాయి. అవి రెండేసి చొప్పున లోపల ముందే కలిసి ఉంటాయి. మీటను పావు చుట్టు తిప్పి పెడితే, నొక్కకపోయినా నొక్కినట్టే. కనుక ఆర్డరు పెట్టేముందు బోర్డు చిత్రాన్ని అసలు కొలతలో కాగితం మీద ముద్రించి, థర్మోకోల్ మీద పరచి, భాగాల కాళ్ళను అందులో గుచ్చి చూడండి. రూపాయి ఖర్చు.

మీటల మధ్య 14 మిల్లీమీటర్ల ఎడం పెడితే అక్షరాల గడి 70 మిల్లీమీటర్లలో ఇముడుతుంది. విద్యుత్తు పారే రాగి దారిని ఒక మిల్లీమీటరు వెడల్పు ఉంచి, సంకేతాల దారులను సన్నగా గీయవచ్చు. ఐసీ విద్యుత్తు కాళ్ళకు ఆనుకుని 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు తప్పదు. ఐసీ తడబడకుండా అది కాస్తుంది.

ఇక బోర్డు మీది రాత. అందరూ అక్కడ ఇంగ్లీషు అక్షరాలు వేసి ఊరుకుంటారు. మీరు తెలుగులో వేయండి. 2023లో వచ్చిన కీక్యాడ్ ఏడవ వెర్షనులో కంప్యూటరులోని ఫాంట్లను నేరుగా వాడవచ్చు. అక్షరం ఎత్తు మాత్రం నాలుగు మిల్లీమీటర్లకు తగ్గించకండి. ఇంగ్లీషు రాతకు ఒక మిల్లీమీటరు చాలునేమో గాని, ఆ కొలతలో మన 'ఘ' మెలికలు ముద్దకట్టి పోతాయి. కలం పాళీలకు పేరుపడిన ఊరిది. సన్నగీత విలువ మీకు వేరే చెప్పనక్కరలేదు.

తర్వాత గెర్బర్ ఫైళ్ళు తీసి చెన్నైకో బెంగళూరుకో పంపితే బోర్డు తయారై వస్తుంది.

ధ్వనులను ఎక్కడినుంచో తెచ్చుకోవద్దు. మీ ఇంటి అవ్వ చేత పలికించండి. 'గ' నొక్కితే ఆమె గొంతులోనే 'గాలి' అని వినబడాలి. ఆమె మాటతీరు కోస్తా తెలుగులా లేదని సంకోచించకండి. ఇడైసేవల్ గ్రామపు కి. రాజనారాయణన్ కరిసల్ సీమ వాడుక మాటతోనే తమిళ సాహిత్యంలో అంతవారయ్యారు. ఆయన ఇంటి భాష మన తెలుగే.

రికార్డు చేసేటప్పుడు ఙ, ఞ, ణ లతో మొదలయ్యే మాట కోసం వెతకకండి. ఆ మూడింటికీ అక్షరం పలికిస్తే చాలు.