చందా డబ్బా నేర్పిన పాఠం

(డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)



"బడిపిల్లలు - సేవాభావం" అనే విషయం మీద పది నిముషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. ముప్పైమూడేళ్ళు ప్రాథమిక పాఠశాలల్లో సుద్దముక్క పట్టినవాణ్ణి. పిల్లల ముందు జంకు లేదు గానీ మీవంటి పెద్దల ముందు కొంచెం బెరుకే. గొప్పలు చెప్పను. నేను చేసిన ఒక పొరపాటు చెప్పి కూర్చుంటాను.

డిసెంబరు వస్తే బళ్ళలో చందాల సందడి మీకు తెలిసిందే. 1949 నుంచీ డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుగుతోంది. పిల్లల చొక్కాలకు చిన్న జెండాలు గుచ్చి, పైసలు వసూలుచేసి పంపేవాళ్ళం. ఆ నిధి యుద్ధంలో అవయవాలు కోల్పోయిన జవాన్లకు, అమరుల కుటుంబాలకు, మాజీ సైనికులకు ఉపయోగపడుతుంది.

1986లో నేను మూడో తరగతి చెబుతున్నాను. పతాక దినం బాగా జరిగిందన్న ఉత్సాహంలో, వికలాంగులైన పిల్లల కోసం కూడా ఒక డబ్బా పెడదామనిపించింది. పాలపొడి డబ్బా మూతకు కన్నం చేసి బల్లమీద పెట్టాను. "పాపం, కళ్ళు లేనివాళ్ళు, కాళ్ళు లేనివాళ్ళు ఎంత కష్టపడుతున్నారో! మనకు దేవుడు అన్నీ ఇచ్చాడు. వాళ్ళమీద జాలి చూపాలి" అని అరగంట ఉపన్యసించాను. పిల్లల కళ్ళు చెమర్చాయి. నేను లోలోపల పొంగిపోయాను.

అదే తరగతిలో పోలియో వచ్చి కాలికి ఇనుప పట్టీల బూటు వేసుకునే అమ్మాయి ఒకతె ఉంది. లెక్కల్లో అందరికన్నా చురుకు. మర్నాడు తనూ ఒక పావలా తెచ్చి డబ్బాలో వేసింది. వెనక బెంచీ కుర్రాడు "నువ్వెందుకు వేస్తావే? ఆ డబ్బులు నీకే గదా!" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల మూడు రోజులు బడికి రాలేదు. నాలుగో రోజు తల్లి వచ్చింది. "అయ్యా, మా పిల్లకు నాలుగక్షరాలు చెబుతారని పంపామండి. మేము ఎవరినీ చెయ్యి చాచి అడగలేదు" అంది. కోపంగా కాదు, మెల్లగా అంది. అందుకే ఆ మాట ఈనాటికీ నా చెవిలో ఉంది.

తప్పు ఆ కుర్రాడిది కాదు. నేను చెప్పిన పాఠాన్నే వాడు అప్పజెప్పాడు.

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళి తల్లినీ పిల్లనూ క్షమించమన్నాను. ఆ పిల్ల ఒకే ప్రశ్న వేసింది. "ఆ డబ్బులతో ఏం చేస్తారు సార్?" నా దగ్గర జవాబు లేదు. "నీకేం కావాలమ్మా?" అన్నాను. "నాకేం వద్దు సార్. బడి అరుగు ఎక్కేటప్పుడు పడిపోతున్నాను" అంది. రెండేళ్ళుగా రోజూ ఆ అరుగు ఎక్కి దిగుతూ కూడా నేను గమనించని సంగతి అది.

మర్నాడు స్కేలు పెట్టి పిల్లలచేత అరుగు కొలిపించాను. తొమ్మిదంగుళాలు. డబ్బాలో నలభైమూడు రూపాయలున్నాయి. ఉపాధ్యాయులం తలా కొంత వేశాం. ఒక పిల్లవాడి తండ్రి తాపీమేస్త్రీ. కూలి వద్దన్నాడు. జమాఖర్చులు నల్లబల్లమీద రాసే పని ఆ అమ్మాయిదే. ఇసుక మోసినవాళ్ళలో వెనక బెంచీ కుర్రాడు ముందున్నాడు. నాలుగడుగుల వాలు కట్టి ఇక చాలనుకున్నాం. ఆ అమ్మాయి ఎక్కి చూసి "ఏటవాలు ఎక్కువైంది సార్" అంది. తొమ్మిదడుగులకు పొడిగించాం. అంగుళం ఎత్తుకు పన్నెండంగుళాల పొడవు ఉండాలన్నది ప్రమాణమని నేను చాలా ఏళ్ళ తర్వాత చదివాను. ఆ పిల్లకు పుస్తకం లేకుండానే తెలిసింది. తరువాత మోకాళ్ళ నొప్పుల హెడ్మాస్టరుగారు కూడా ఆ వాలు మీదుగానే వచ్చేవారు!

మరుసటి ఏడు జాలి ఉపన్యాసం మానేసి చింతపిక్కలు తెచ్చాను. నిలువుగా మూడు చొప్పున రెండు వరుసలు, మొత్తం ఆరు చుక్కలు. లూయీ బ్రెయిల్ లిపి అంతా ఇంతే. ఈ ఆరింటితో 63 గుర్తులు వస్తాయి. ఎడమవైపు పై చుక్క ఒక్కటే ఉంటే మన "అ". కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి పిల్లలు పేర్లు చదువుకున్నారు. "పాపం" అన్న మాట పోయి "ఎలా చదువుతారు సార్?" అన్న ప్రశ్న వచ్చింది. నాకు కావలసింది అదే.

సోదరులారా, ఈరోజు డిసెంబరు 17. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ దయాధర్మం కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. మనకు ఎవరైనా జాలితో పెన్షన్ ఇస్తున్నామంటే ఊరుకుంటామా? ఆ తల్లి నాతో అన్నదీ అదే. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. దాని స్థానంలో వచ్చిన 2016 చట్టం 21 రకాలను గుర్తించి, నలభై శాతం లేదా అంతకుమించి వైకల్యమున్న 6 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు ఉచిత విద్య హక్కుగా ఇచ్చింది. వరంగల్ ప్రాంతపు కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. ఆమెకు కావలసింది మన జాలి కాదు, పరుగెత్తడానికి దారి.

చివరగా ఒక మనవి. మీ మనవలు బడినుంచి చందా కాగితం తెస్తే తప్పక ఇవ్వండి. ఇచ్చేముందు "ఈ డబ్బుతో ఏం చేస్తారు? ఎవరికోసమో వాళ్ళను అడిగారా?" అని పిల్లవాడిచేత టీచరుగారిని అడిగించండి. దారిలో చక్రాల కుర్చీ చూసి పిల్లవాడు ప్రశ్న వేస్తే "ష్, అలా అడక్కూడదు" అని నోరు మూయించకండి. తెలిసిన జవాబు చెప్పండి. "కుంటి", "గుడ్డి" అని పిలవకుండా పేరు పెట్టి పిలవడం మన ఇంట్లోనే మొదలుపెడదాం.

మన సంఘం ఆఫీసు గుమ్మం ముందు కూడా రెండు మెట్లున్నాయి. వచ్చే సర్వసభ్య సమావేశంలోగా ఆ సంగతి ఆలోచించమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. నా వంతుగా ఈ నెల పెన్షన్‌లోంచి వెయ్యి రూపాయలు కోశాధికారిగారికి ఇప్పుడే అందజేస్తున్నాను.