ముందు షాఫ్టు కీళ్లకు కందెన

బండికి కందెన యెంత యవసరమో తెలుగుదేశమున నొకరు చెప్పవలసిన పని లేదు. ఆముదమున గడ్డిమసి కలిపి, బండిక్రింద వ్రేలాడు గొట్టమున నింపికొని, ఇరుసు కూయగానే దిగి పూసికొను నలవాటు మన బండివాండ్రకు తరతరములుగా నుండెడిది.  ఎద్దుబండికి రెండే చక్రములు, ఒకటే యిరుసు. అది ఎండిన కూత ఊరంతయు వినబడును. వినబడగానే కందెన పడును. మోటారుబండి మాట వేరు. దాని కీళ్లు బండి యడుగున, బురదచాటున, కంటికి కానరాక యుండును. ఇంజను చప్పుడులో వాని కూత వినబడదు. అందువలననే వానిని మరచుట సులభము. అట్లు మరచు కీళ్లలో మొదట లెక్కింపదగినవి నాలుగు చక్రములకును శక్తినందించు బండ్ల ముందు షాఫ్టు కీళ్లు. వానిని గూర్చియే నేటి ప్రసంగము.

ఇట్టి బండ్ల పని మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములకు బాగుగా తెలియును. ఇది మైసూరు పీఠభూమి యంచున నున్న సీమ. నేల యెఱ్ఱది, రాయి యెక్కువ, దారి యెగుడుదిగుడు. మదనపల్లెకు సమీపమున సుమారు 1,265 మీటర్ల యెత్తున నున్న కొండకు పూర్వము ఏనుగు మల్లమ్మ కొండ యని పేరు. కడప కలెక్టరుగా నుండిన హార్స్లీ దొర అచట వేసవి విడిది కట్టించుకొనిన పిదప అది హార్స్లీ కొండ యైనది. ఆ ఘాటు రోడ్డెక్కు బండి కేమి బలము కావలయునో ఆ మలుపులే చెప్పును. మదనపల్లె మార్కెట్టునకు టమాటాలు తెచ్చు రైతు తోటనుండి తారురోడ్డు చేరులోపల దాటవలసిన వంకలు, గట్లు ఎన్నియో కలవు. మూడు రాష్ట్రములు కలియుచోట నున్న కుప్పము ప్రాంతమున పచ్చని గ్రానైటు రాతిగనులు కలవు. అచట లారీలు గులకరాతి వాలుపై నెక్కి దిగుచుండును. పలమనేరు కుప్పముల నడుమ 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యమున ఏనుగులు సంచరించుచుండును. ఏనుగు పొలముపై బడినదని రాత్రివేళ కబురు వచ్చినచో అటవీశాఖవారు జీపు నడుపుకొని పోవలసినదే. అట్టి రాత్రి బండి వంకలో దిగబడిన, కాచుకొని యున్న రైతు గతి యేమి?

నాలుగు చక్రముల బలము మన దేశమున సామాన్యులకు పరిచయమైనది జీపు మూలముననే. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1941 మొదలు, అమెరికాలో విల్లీసువారు సైన్యమునకై వానిని విరివిగా తయారుచేసిరి. 1947 మొదలు మహీంద్రావారు బొంబాయిలో విల్లీసు జీపులను కూర్చనారంభించిరి. పిదప నెన్నియో బండ్లు వచ్చినవి. మారుతీవారి జిప్సీ, మహీంద్రావారి థార్ మొదలగునవి అందరెరిగినవే. పేరేదైనను లోపలి తీరు మాత్రము చాలవరకు నొక్కటే. ఇంజను బలము గేరుపెట్టెలోనికి వచ్చి, అచటినుండి ట్రాన్స్ఫర్ కేసు అనబడు రెండవ పెట్టె చేరును. ఆ పెట్టె బలమును రెండు పాళ్లుగా పంచి, ఒక షాఫ్టుచే వెనుక యిరుసునకును, మఱియొక షాఫ్టుచే ముందు యిరుసునకును పంపును. ఈ రెండవదియే ముందు షాఫ్టు.

ఈ షాఫ్టునకు కీలెందుకు? గేరుపెట్టె బండి చట్రమునకు బిగింపబడి కదలక యుండును. ఇరుసు స్ప్రింగులపై నుండి, గుంత వచ్చినపుడెల్ల పైకి లేచి క్రిందకు దిగును. ఒకటి స్థిరము, మఱియొకటి చంచలము. ఈ రెంటిని నిలువుకమ్మితో గట్టిగా బిగించిన, మొదటి గుంతలోనే కమ్మి వంగును, లేదా విరుగును. కావున రెండు కొసలను కీళ్లుంచిరి. అంతియే కాదు, ఇరుసు లేచి దిగునపుడు దూరము కూడ హెచ్చి తగ్గును. అందులకై షాఫ్టు నడుమ నొక కొస మఱియొక కొసలోనికి జారునట్లు పండ్లు గల జారుడుకీలు నొకదానిని గూడ అమర్చిరి.

కొసలనున్న కీలు నిర్మాణము మిక్కిలి ముచ్చటైనది. రెండు కవలకొమ్ముల నడుమ కూడికగుర్తువలె నొక ఉక్కు శిలువ యుండును. మన మెకానిక్కులు దీనినే క్రాసు అందురు. దాని నాలుగు చేతులమీద నాలుగు చిన్న గిన్నెలు. ప్రతి గిన్నెలోను సూదులవంటి సన్నని ఉక్కు కమ్ములు వరుసగా నుండును. చేయి తిరిగినపుడు ఈ సూదులు దొర్లును. ఐరోపాలో 16వ శతాబ్దమునందు ఇటలీ పండితుడు కార్డానో పేరను, 17వ శతాబ్దమున ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్కు పేరను ఈ కీలు ప్రసిద్ధమైనది. 20వ శతాబ్దారంభమున అమెరికాలో క్లారెన్సు స్పైసరు దానిని మోటారుబండికి తగినట్లు తీర్చెను.

ఈ కీలునకొక వింత గుణము కలదు. నిటారుగా నున్నంతవరకు అది సమముగా తిరుగును. వంగినపుడు మాత్రము ఒక ప్రక్క సమవేగముతో తిరుగుచున్నను, రెండవ ప్రక్క ప్రతి చుట్టునకు రెండుమారులు త్వరపడి, రెండుమారులు నెమ్మదించును. నిమిషమునకు 1,000 చుట్లు తిరుగు షాఫ్టు 15 డిగ్రీలు వంగిన కీలును దాటునపుడు, అవతలి వేగము 966కు దిగి 1,035కు ఎక్కుచుండును. 30 డిగ్రీలైనచో 866కును 1,155కును నడుమ నూగును. ఈ ఊపును పోగొట్టుటకే షాఫ్టు రెండవ కొసన నింకొక కీలునుంచి, రెండు కొసల కొమ్ములును ఒకే వరుసలో నుండునట్లు చూతురు. కోణములు సమానమైనచో మొదటి కీలు చేసిన తప్పును రెండవది దిద్దును. జారుడుకీలును విప్పి మరల నెక్కించువారు ఈ వరుసను తప్పనీయరాదు. విప్పుటకు ముందే రెండు భాగములమీదను సుద్దతోనో, ఉలితోనో గుర్తుపెట్టుకొనుట మేలు. వరుస తప్పినచో ఎంత గ్రీసు పెట్టినను బండి వణకుట మానదు.

ఇక అసలు చిక్కునకు వత్తము. వెనుక షాఫ్టు ప్రతి దినము పనిచేయును. ముందు షాఫ్టు అవసరమైనపుడు మాత్రమే బలమును మోయును. తారురోడ్డుమీద నెలలతరబడి దానికి పని యుండదు. ముందు చక్రముల నాభియందున్న మీటను విడిచినచో, ఆ షాఫ్టు తిరుగనే తిరుగదు. పని లేనిది అరుగదు గదా యని యజమాని తలచును. ఇదియే పొరపాటు. తిరుగని కీలులో సూదులు ఒకేచోట నిలిచియుండును. బండి అదురునకు వాని క్రిందనున్న గ్రీసుపొర ప్రక్కకు తొలగును. ఇనుము ఇనుమును ఒరయును. సూదులున్నచోట శిలువ చేతిమీద గీతలు పడును. వంక దాటినపుడు చొచ్చిన నీరు తిరుగుడు లేక లోపలనే నిలిచి త్రుప్పు పట్టించును. పైకి షాఫ్టు క్రొత్తదివలెనే కనబడును. చెరువు మరవ పారి దారి బురదయైన దినమున, నాలుగు చక్రముల మీట వేయగానే ఇంజను బలములో సగము ఆ గీతలు పడిన చేతులమీదికి వచ్చును. ఎన్నడో చావవలసిన కీలు, అక్కర పడిన ఘడియలోనే చచ్చును.

కీలు విరిగిన నష్టము బండి నిలుచుటతో ఆగదు. గిన్నె యూడి, శిలువ తప్పి, షాఫ్టు ఒక కొస క్రింద పడును. వెనుక కొస పడినచో నేలపై ఈడ్వబడును. ముందు కొస పడినచో నేలలో గ్రుచ్చుకొని బండిని పైకెత్తగలదు. తెగిన షాఫ్టు తిరుగుచు గేరుపెట్టెను, బ్రేకు గొట్టములను కొట్టవచ్చును. రాతిగని వాలుమీద వెనుక పదిమంది కూలీలు నిలిచియున్నపుడు బ్రేకు గొట్టము తెగుట యనగా నేమో వేరుగ వివరింపనక్కరలేదు.

ఇప్పుడు గ్రీసు పెట్టు విధము. బండిని చదునునేలపై నిలిపి, ఇంజను నార్పి, నాలుగు చక్రములకును ముందు వెనుకల రాళ్లు పెట్టవలయును. ఇది మొదటి నియమము, ముఖ్య నియమము. షాఫ్టును చేతితో త్రిప్పుటకై ట్రాన్స్ఫర్ కేసును న్యూట్రలులో నుంచినచో, గేరులో నుంచిన బండి కూడ నిలువక దొర్లగలదు. గేరు నమ్మి బండిక్రింద దూరరాదు. జాకీ నమ్మి యంతకంటెను దూరరాదు. ఇంజను నడుచుచుండగా షాఫ్టు సమీపమున చేయి పెట్టనే రాదు.

పిమ్మట గ్రీసు నిప్పిళ్లను వెదకవలెను. సాధారణముగా ముందు షాఫ్టునకు మూడుండును: రెండు క్రాసులకు రెండు, జారుడుకీలునకు ఒకటి. కొన్ని బండ్లలో ట్రాన్స్ఫర్ కేసు కడ కోణ మెక్కువగుటచే రెండు క్రాసులను ప్రక్కప్రక్కన కూర్చి, నడుమ నొక గుండును పెట్టుదురు. ఆ గుండునకు వేరుగ నొక సన్నని రంధ్ర ముండును. దానికి సూదివంటి మొన గల గన్ను కావలయును. అది కొమ్ముల చాటున దాగియుండుటచే, షాఫ్టును కొంచెము కొంచెముగా త్రిప్పి చూచినగాని కానరాదు. పది బండ్లలో తరుచుగా మరువబడునది ఇదియే.

ప్రతి నిప్పిలును ముందుగా గుడ్డతో శుభ్రముగా తుడువవలెను. తుడువక గన్ను పెట్టినచో మొదట లోపలికి పోవునది గ్రీసు కాదు, ఇసుక. తుడిచి గన్ను నెమ్మదిగా నొత్తుచుండ, నాలుగు గిన్నెల యంచులనుండియు పాత గ్రీసు వెడలి, వెనువెంట క్రొత్తది కనబడవలెను. నాలుగింటను అని మరల చెప్పుచున్నాను. మూడింట వెడలి నాల్గవదానిలో వెడలకున్నచో, ఆ నాల్గవ చేయి ఎండియే యున్నదన్నమాట. అపుడు షాఫ్టును కొంచెము త్రిప్పి, ఆ గిన్నెపై నొత్తిడి తొలగునట్లు కదల్చి, మరల ప్రయత్నింపవలెను. చేతిగన్నే మేలు, గాలిమర గన్ను ఒత్తిడికి ముద్రలు చిరుగవచ్చును. బయటికి వచ్చిన గ్రీసు వర్ణమును చూడుడు. నల్లనిదైన ముసలిది. తెల్లగా పాలవలె నున్న లోపల నీరు చొచ్చినది. ఎఱ్ఱని పొడి కలిసియున్నచో త్రుప్పు పట్టినది. అట్టి కీలును గ్రీసు బ్రతికింపజాలదు, మార్చవలసినదే.

జారుడుకీలునకు మాత్రము అతి పనికిరాదు. కొద్దిగా బయట కనబడగానే ఆపవలెను. లోపల నిండా క్రిక్కిరిసినచో షాఫ్టు కుదింపబడు తావు లేక, ఆ ఒత్తిడి యంతయు గేరుపెట్టె మీదను ఇరుసు మీదను పడును.

గ్రీసునందును భేదములు కలవు. ఎక్కువ బరువునకు తాళు లిథియము గ్రీసు, 2వ నంబరుది, ఈ కీళ్లకు సాధారణముగా తగును. పాతకాలపు సున్నపు గ్రీసు నీటికి తాళును గాని వేడికి తాళదు. సోడా గ్రీసు వేడికి తాళును గాని నీటిలో కరగిపోవును. జాతులు కలిసినచో గ్రీసు నీరుగారవచ్చును. కావున ఒక జాతినే వాడుట, మార్చినపుడు పాతది పూర్తిగా వెడలునంతవరకు నొత్తుట శ్రేయము.

ముందు చక్రముల కడనుండు కీళ్ల మాట వేరు. చక్రము మలుపు తిరుగునపుడు కోణము మిక్కిలి హెచ్చును గాన, అచట వేగమూగని వేరుజాతి కీళ్లను పెట్టుదురు. పాత జీపులలో అవి గుండ్రని యినుప డొల్లలో నుండును; డొల్లలోనికే గ్రీసు పోయవలెను. ఇటీవలి బండ్లలో అవి రబ్బరు తొడుగులలో గ్రీసుతో మూయబడి వచ్చును. వానికి నిప్పిలు లేదు. వాని విషయమున మన పని తొడుగు చిరిగినదేమో చూచుటయే. చిరిగిన తొడుగును ఆ వారమే మార్చిన కీలు దక్కును. అట్లే కొన్ని బండ్లలో షాఫ్టు క్రాసులు కూడ మూసియే వచ్చును. వానిని ఆటాడించి చూచి, వదులైన మార్చుట తప్ప వేరు మార్గము లేదు.

ఎన్నాళ్లకొకసారి? బండితో వచ్చిన పుస్తకమే ప్రమాణము. చాల బండ్లకు 5,000 కిలోమీటర్లు వాడుకలోనున్న లెక్క. కాని గని దుమ్ములో తిరుగు బండికి ఆ లెక్క చాలదు. వంక దాటిన బండికి లెక్కయే లేదు. చక్రనాభి మునిగిన నీటిని దాటినచో ఆ సాయంకాలమే గ్రీసు పెట్టవలెను, నీరు వెడలగొట్టవలెను. ఇంకొక్క మాట. నెలకొకమారు మట్టిదారిపైనో, ఇసుకపైనో నాలుగు చక్రములను కలిపి కొంతదూరము నడుపుడు. సూదులు దొర్లి గ్రీసు నలుదెసల పారును. గట్టి తారురోడ్డుపై మాత్రమట్లు చేయరాదు. మలుపులో ముందు వెనుక చక్రములు నడుచు దూరములు వేరగుటచే షాఫ్టులు మెలిపడి, మేలు చేయబోయి కీడు చేసినట్లగును.

కీలు తన బాధను చెప్పకపోదు. నెమ్మదిగా పోవునపుడు అడుగున పిచ్చుక కిచకిచలాడినట్లు వినబడిన, అది ఎండిన క్రాసు. గేరు వేయగానే టక్కుమన్న, అది వదులైన క్రాసు. వేగము హెచ్చగా బండి వణకిన, షాఫ్టు వరుసయో తూకమో తప్పినది. బండి నిలిపి, కీలునకు రెండు ప్రక్కల చేతులుంచి ఎదురెదురుగా మెలిపెట్టి చూడుడు. నడుమ ఆట తెలిసిన ఇక నాలస్యము చేయరాదు.

ఇందులో నొక లోకరీతి కూడ కలదు. బండి యజమానిది, కష్టము డ్రైవరుది. గ్రీసు డబ్బా కొనుట యజమాని పని, ఒత్తుట డ్రైవరు పని. ఇద్దరును రెండవవాడు చూచుకొనునని యూరకుందురు. షాఫ్టు విరిగినపుడు ఆ నష్టము మొదట చేరునది ఘాటుమీద స్టీరింగు పట్టియున్నవానికే. కావున యజమానులు గ్రీసు పెట్టిన తేదీని, అప్పటి కిలోమీటరు అంకెను బండిలోని పుస్తకమున వ్రాయించుట మంచిది. డ్రైవరులు కూడ ఆ పని మనది కాదని తలపరాదు. మూడు నిప్పిళ్లు, ఒక గుడ్డ, ఒక గన్ను, పదునైదు నిమిషములు. వానకాలము రాకముందే ఈ పని ముగించుకొనిన, వంక పారు రాత్రి బండి మీ మాట వినును.