తేనెటీగలను వాని స్వభావము ననుసరించి పెంచుట
(రైతుల సభలో చేసిన యుపన్యాసము)



చింతతొఱ్ఱలోగాని, పాడుపడిన పుట్టలోగాని తేనెపట్టు కనబడినచో మనవారు చేయు పని మీరెఱుగనిది కాదు. రాత్రివేళ దివిటీ వెలిగించి, ఈగలను కాల్చి, పిల్లపురుగులున్న గదులతోగూడ పట్టునంతయు పిండుకొందురు. ఆ యొక్కనాటికి కొద్దిపాటి తేనె దొరకును. గుంపు మాత్రము నశించును. గుమ్మడి, దోస, బీర మున్నగు తీగలలో మగపువ్వు వేఱు, ఆడుపువ్వు వేఱు. ఒకదాని పుప్పొడిని రెండవదానికి చేర్చువారు లేనిచో పిందె నిలువదు. పొద్దుతిరుగుడు, ఆవాలు, ధనియాలు మొదలగు పైరులకును ఈగల వలన గింజ హెచ్చును. కావున పట్టును కాల్చినవాడు తన చేనికూలీలనే కాల్చుకొనుచున్నాడు.

పెంపకమునకు తగిన ఈగ

కొండతేనె ఈగ బండలకును, పెద్ద చెట్లకొమ్మలకును ఒకే పెద్ద పట్టు పెట్టును. పొదలలోని చిన్న ఈగయు ఒకే చిన్న పట్టు పెట్టును. ఈ రెండును వెలుతురు కోరునవి, పెట్టెలో నుండవు. తొఱ్ఱలలోను, పుట్టలలోను చీకటియందు పెక్కు పట్టులను వరుసగా కట్టు మన నాటుఈగయే పెంపకమునకు తగినది. విదేశపు ఈగ 1960 తరువాతి సంవత్సరములలో పంజాబు ప్రాంతమున నిలద్రొక్కుకొని, పిదప ఇతర ప్రాంతములకు వ్యాపించెను. అది తేనె నెక్కువగా నిచ్చునుగాని మేతయు, పోషణయు నెక్కువ కోరును. 1991-92 ప్రాంతమున పిల్లపురుగులు సంచులవలె ఉబ్బి చచ్చు వైరసు తెగులు వచ్చి దక్షిణదేశమున నాటుఈగల పెంపకమును చాలవఱకు నాశము చేసెను. దానికి తట్టుకొని మిగిలిన గుంపుల సంతతియే నేడు మన తొఱ్ఱలలో నున్నది. కావుననే అట్టి గుంపు నొక్కదానినైనను చెఱుపరాదు.

పెట్టె

కుండలోను, గోడగూటిలోను ఈగలను పెంచుట పూర్వాచారము. ఈగకు అది సుఖమేగాని, పట్టు కుండకే అంటుకొని యుండుటచే, కోయనిదే తేనె తీయుటకు వీలులేదు. కోసినచో పిల్లలు చచ్చును. ఈ లోపమును తీర్చుటకు పెట్టెపైన కఱ్ఱపట్టెలను వరుసగా పేర్చుడు. నాటుఈగకు ఒక్కొక్క పట్టె సుమారు ఒకటింబావు అంగుళము వెడల్పు చాలును. పట్టె క్రింద నడుమ సన్నని మైనపుగీత గీయుడు. ఆ గీత ననుసరించి ఈగలు తమకు తోచిన కొలతతో గదులు కట్టుకొనును. అచ్చువేసిన మైనపురేకుల నీయ నక్కఱలేదు. వెడల్పు తప్పినచో పట్టులు అడ్డదిడ్డముగా కలిసిపోవును. ఇందు అశ్రద్ధ కూడదు.

పెట్టెను ఉదయపు ఎండయు, మధ్యాహ్నపు నీడయు గల చోట నుంచుడు. కాళ్లక్రింద నీటిమూకుళ్లుంచినచో చీమ లెక్కవు. సమీపమున త్రాగునీ రుండవలయును.

చేయదగినవి, కూడనివి

ఈగలు పిల్లగదులను సుమారు 35 డిగ్రీల (సెంటిగ్రేడు) వెచ్చదనములో కాపాడుకొనును. మాటిమాటికి మూత తెఱచినచో ఆ వెచ్చదనము చెడును. విసిగిన నాటుఈగ పెట్టెను విడిచిపోవును. ద్వారమువద్ద కనిపెట్టుటయే మేలు. ఈగలు కాళ్లకు పుప్పొడిముద్దలతో వచ్చుచున్నచో లోపల పిల్ల లున్నవని గ్రహింపవచ్చును. రాకపోకలు మందగించి, అడుగున మైనపుపొట్టు, సాలెగూడు కనబడినచో మైనపుపురుగు పడినది. అప్పుడు మాత్రము తెఱచి, ఈగలు విడిచిన పాతపట్టును తీసివేసి, అడుగును శుభ్రపఱచుడు.

తేనెను మూతవేసిన గదులనుండియే తీయుడు. మూతవేయని తేనెలో నీరెక్కువగుటచే అది పులియును. అంచులనుండు పట్టులను కోసి, గుడ్డలో వడకట్టుడు, పొయ్యిమీద కాచకుడు. పిల్లలున్న పట్టును ముట్టరాదు. వేప, కానుగ పూతల పిమ్మట వానకాలపు కఱవు వచ్చును. ఆ నెలల గ్రాసమును వానికే విడువుడు. తేనె నంతయు దోచి పంచదారనీరు పోయుట న్యాయమును గాదు, లాభమును గాదు. వానలు విడువక గుంపు ఆకలిగొన్నచో మాత్రము ఆ నీరు పోయవచ్చును.

గుంపు పెరిగి చీలునపుడు రాణిగదులను త్రుంపకుడు. మైనము రుద్దిన ఖాళీపెట్టెను దగ్గఱ చెట్టున కట్టినచో క్రొత్తగుంపు దానిలో చేరవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది మందుల విషయము. పూతమీదనున్న పైరుపై పురుగుమందు చల్లకుడు. తప్పనిసరియైనచో ఈగలు గూటికి చేరిన సాయంకాలమున, వానికి తక్కువ హానిచేయు మందునే చల్లి, పొరుగురైతులకు ముందుగా తెలుపుడు. ఈగకు మీ గట్టు, వాని గట్టు అను భేదము లేదు. పొరుగుచేని విషము మీ పెట్టెను ఖాళీచేయును.

ఈ పద్ధతిలో తేనె కొంత తగ్గునన్న మాట నిజము. పంచదార ఖర్చు, మైనపురేకుల ఖర్చు తప్పును, గుంపు నిలుచును, చేను ఫలించును. ఈ యేడు ఊరికొక రైతైనను ఒక పెట్టె నుంచి, ఒక తొఱ్ఱపట్టును కాల్పకుండ కాపాడినచో ఈ సభ సార్థకమగును.